‘ఏమైనా డౌట్లున్నాయా?’ అంటే అంతా మౌనం.. వందల మంది ఉన్న క్లాసును టెక్నాలజీ మాట్లాడించగలదా?

పాఠం అయిపోతుంది. లెక్చరర్ బోర్డు దగ్గర నుంచి ఇటు తిరిగి ‘ఏమైనా డౌట్లున్నాయా?’ అని అడుగుతారు. ముందు వరసలో ఇద్దరు ముగ్గురు లేవన్నట్టు తల ఊపుతారు. వెనక బెంచీల నుంచి చప్పుడు ఉండదు. ‘సరే, రేపు తర్వాతి టాపిక్’ అని ఆయన వెళ్లిపోతారు. నెల తర్వాత మిడ్ పేపర్లు దిద్దేటప్పుడు సగం మందికి ఆ పాఠం అర్థమే కాలేదని తెలుస్తుంది. అప్పటికి సిలబస్ ఇంకో యూనిట్ ముందుకు వెళ్లిపోయి ఉంటుంది.

ఇంజినీరింగో, మెడిసినో, డిగ్రీయో చదివిన ఎవరికైనా ఇది తెలిసిన దృశ్యమే. క్లాసు పెద్దదయ్యే కొద్దీ ఈ మౌనం కూడా పెరుగుతుంది. హైదరాబాద్‌లోని ఉస్మానియా, గాంధీ మెడికల్ కాలేజీల్లో ఏటా 250 చొప్పున ఎంబీబీఎస్ సీట్లున్నాయి. ఇంజినీరింగ్‌లో సెక్షన్‌కు 60 మంది అన్నది పాత లెక్క. ఒక బ్రాంచిలో ఎన్ని సీట్లు ఉండొచ్చన్న గరిష్ఠ పరిమితిని అఖిల భారత సాంకేతిక విద్యామండలి (ఏఐసీటీఈ) తన 2024-27 నిబంధనల్లో సడలించింది. కంప్యూటర్ సైన్స్ లాంటి బ్రాంచిల్లో సెక్షన్ల మీద సెక్షన్లు పెరుగుతున్నాయి.

ఇంత మందిని పాఠంలో భాగం చేయడానికి క్లిక్కర్లు, ఫోన్ పోల్స్, క్విజ్ యాప్‌లు, స్కాన్ చేసే కార్డులు అంటూ చాలా పరికరాలు వచ్చాయి. వీటిపై మూడు దశాబ్దాలకు పైగా పరిశోధన కూడా జరిగింది. ఆ పరిశోధన చెబుతున్నది ఒకటే. పరికరం ఏదన్నది పెద్ద విషయం కాదు. దాంతో ఏం అడుగుతున్నారు, వచ్చిన జవాబులు చూసి టీచర్ ఏం చేస్తున్నారు అన్నదాని మీదే ఫలితం ఆధారపడి ఉంటుంది.

విద్యార్థులు ఎందుకు నోరు విప్పరు?

మొదటి కారణం భయం. 200 మంది ముందు తప్పు చెబితే నవ్వుతారన్న భయం ఒకటి. ‘ఇంత చిన్న విషయం కూడా తెలియదా’ అని సార్ అంటారేమోనన్న భయం ఇంకొకటి. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి వచ్చిన వారికి భాష కూడా అడ్డే. సందేహం మనసులో తెలుగులో ఉంటుంది. దాన్ని ఇంగ్లిష్‌లో పేర్చుకునే లోపు పాఠం ముందుకు సాగిపోతుంది.

రెండో కారణం టీచర్లు ఇచ్చే సమయం. అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రోవ్ 1970లలో తరగతి గదుల సంభాషణలను రికార్డు చేసి పరిశీలించారు. ప్రశ్న వేశాక టీచర్లు సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని, తర్వాత వేరే విద్యార్థిని అడగడమో, తామే జవాబు చెప్పేయడమో చేస్తున్నారని ఆమె గుర్తించారు. ఆ విరామాన్ని మూడు సెకన్లకు పెంచితే జవాబులు పొడవుగా, ఆలోచనతో వచ్చాయి. ‘తెలియదు’ అనేవారు తగ్గారు.

మూడోది, మాట్లాడే కొద్దిమందిలో కూడా సమానత్వం ఉండదు. అమెరికాలో 23 బయాలజీ క్లాసులను పరిశీలించిన ఒక అధ్యయనం 2014లో వచ్చింది. క్లాసులో 60 శాతం మంది అమ్మాయిలే. కానీ టీచర్ అందరినీ ఉద్దేశించి ప్రశ్న అడిగినప్పుడు వినిపించిన గొంతుల్లో వారివి 40 శాతం కన్నా తక్కువే. ‘ఎవరైనా చెప్పండి’ అన్నప్పుడు ఆ ‘ఎవరైనా’ రోజూ ఒకే నలుగురు అవుతారు. మిగిలిన వారికి అర్థమైందో లేదో టీచర్‌కు తెలిసే దారి ఉండదు.

హార్వర్డ్ ప్రొఫెసర్‌కు ఎదురైన ప్రశ్న

పెద్ద క్లాసుల్లో ఇప్పుడు వాడుతున్న పద్ధతుల్లో చాలా వాటికి మూలం హార్వర్డ్ యూనివర్సిటీలో ఉంది. ఫిజిక్స్ ప్రొఫెసర్ ఎరిక్ మజూర్ 1984లో అక్కడ పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు. విద్యార్థులు ఆయనకు మంచి రేటింగులు ఇచ్చేవారు. కష్టమైన లెక్కలు కూడా చేసేవారు. తాను బాగా చెబుతున్నానని ఆయన అనుకున్నారు.

అరిజోనా స్టేట్ యూనివర్సిటీకి చెందిన ఇబ్రహీం హలూన్, డేవిడ్ హెస్టెనెస్ 1985లో ప్రచురించిన పరిశోధన కొన్నేళ్లకు ఆయన కంట పడింది. ఫిజిక్స్ కోర్సు పూర్తి చేసినా విద్యార్థుల్లో బలం, చలనం గురించిన పాత అపోహలు చాలావరకు అలాగే ఉంటున్నాయని అది చెప్పింది. హార్వర్డ్ విద్యార్థుల విషయంలో అలా జరగదన్న నమ్మకంతో మజూర్ అలాంటి పరీక్షే పెట్టారు. లెక్కలేమీ లేని, మాటల్లో అడిగే మామూలు ప్రశ్నలవి. అప్పుడు ఒక విద్యార్థి లేచి, ఈ ప్రశ్నలకు మీరు నేర్పినట్టు జవాబు రాయాలా, నేను మామూలుగా అనుకునేట్టు రాయాలా అని అడిగారు. ఫలితాలు చూశాక ఆ ప్రశ్నకు అర్థం మజూర్‌కు తెలిసింది. సూత్రాలు పెట్టి లెక్కలు చేసిన వారే ఆ సూత్రాల వెనక ఉన్న విషయం దగ్గర తడబడ్డారు.

ఒక రోజు క్లాసులో ఆయన ఒక ప్రశ్నను రెండు సార్లు వివరించినా ముఖాల్లో అయోమయం పోలేదు. ఏం చేయాలో తోచక పక్కవారితో చర్చించుకోమన్నారు. హాలంతా గోల. కొన్ని నిమిషాల్లోనే వాళ్లలో వాళ్లే జవాబు తేల్చుకున్నారు. దీనికి మజూర్ చెప్పే కారణం ఆసక్తికరంగా ఉంటుంది. ఒక విషయం ఎప్పుడో నేర్చుకున్న ప్రొఫెసర్‌కు అందులో కష్టం ఎక్కడుందో గుర్తుండదు. నిన్న మొన్న అర్థం చేసుకున్న పక్క విద్యార్థికి అది ఇంకా గుర్తుంటుంది. 1991 నుంచి ఆయన దీన్ని ఒక పద్ధతిగా మార్చారు. ఇంగ్లిష్‌లో ‘పీర్ ఇన్‌స్ట్రక్షన్’ అంటారు. తోటివారితో కలిసి నేర్చుకోవడం అని చెప్పుకోవచ్చు. దీనిపై ఆయన పుస్తకం 1997లో వచ్చింది.

క్లాసులో ఇది ఎలా జరుగుతుంది?

ఉదాహరణకు న్యూటన్ మూడో సూత్రం పాఠం తీసుకుందాం. పది పదిహేను నిమిషాలు చెప్పాక లెక్చరర్ తెర మీద ఒక ప్రశ్న వేస్తారు.

వేగంగా వస్తున్న లారీ, ఎదురుగా వస్తున్న ఆటోను ఢీకొట్టింది. ఢీకొన్న క్షణంలో ఏది దేని మీద ఎక్కువ బలం ప్రయోగించింది?

ఎ. లారీ ఆటో మీద ఎక్కువ బలం ప్రయోగించింది.
బి. ఆటో లారీ మీద ఎక్కువ బలం ప్రయోగించింది.
సి. రెండూ ఒకదాని మీద ఒకటి సమానమైన బలం ప్రయోగించాయి.
డి. లారీ మాత్రమే బలం ప్రయోగించింది.

మొదటి మెట్టు: ఒకటి రెండు నిమిషాలు ఎవరికి వారు ఆలోచించి, పక్కవారితో మాట్లాడకుండా జవాబు నొక్కాలి. చేతిలో ఉండేది క్లిక్కర్ అయితే అది టీవీ రిమోట్ లాంటి చిన్న పరికరం. నొక్కిన జవాబు రేడియో సంకేతంగా టీచర్ కంప్యూటర్‌కు చేరుతుంది. ఎంతమంది ఎ అన్నారు, ఎంతమంది సి అన్నారు అన్నది గ్రాఫ్‌గా కనిపిస్తుంది. ఇప్పుడు క్లిక్కర్ బదులు ఫోనే ఎక్కువగా వాడుతున్నారు.

రెండో మెట్టు: టీచర్ గ్రాఫ్ చూసి నిర్ణయం తీసుకుంటారు. సరైన జవాబు 70 శాతం కన్నా ఎక్కువ మంది చెబితే, రెండు ముక్కల్లో వివరించి ముందుకు వెళ్లొచ్చు. 30 శాతం కన్నా తక్కువ మంది చెబితే పాఠాన్ని ఇంకో రకంగా మళ్లీ చెప్పాలి. ఈ మధ్యలో ఉంటే చర్చకు సరైన సమయం అదే.

మూడో మెట్టు: తమతో ఏకీభవించని పక్క విద్యార్థితో మాట్లాడి ఒప్పించమంటారు. రెండు మూడు నిమిషాల తర్వాత మళ్లీ ఓటు వేయిస్తారు. చివరికి టీచర్ వివరిస్తారు. పై ప్రశ్నకు సరైన జవాబు సి. రెండు బలాలూ సమానమే. ఆటో నుజ్జునుజ్జు కావడానికి కారణం దాని మీద ఎక్కువ బలం పడటం కాదు. దాని ద్రవ్యరాశి తక్కువ, నిర్మాణం తేలిక కావడం.

ఇక్కడ చిన్న జాగ్రత్త అవసరం. మొదటి ఓటు గ్రాఫ్‌ను చర్చకు ముందే తెర మీద చూపించకూడదు. చూపిస్తే విద్యార్థులు కారణాల జోలికి పోకుండా ఎక్కువ మంది ఎటు ఉంటే అటు జారిపోతారు.

నిజంగా నేర్చుకుంటున్నారా, తెలివైనవారిని చూసి మార్చుకుంటున్నారా?

ఈ అనుమానం సహజమే. అమెరికాలోని కొలరాడో యూనివర్సిటీ పరిశోధకులు జెనెటిక్స్ క్లాసులో దీన్ని పరీక్షించారు. విద్యార్థులు ముందు ఒక ప్రశ్నకు విడిగా జవాబిచ్చారు. చర్చించాక అదే ప్రశ్నకు మళ్లీ జవాబిచ్చారు. ఆ తర్వాత అదే సూత్రం మీద, పైకి వేరుగా కనిపించే ఇంకో ప్రశ్నకు ఎవరికి వారు జవాబిచ్చారు. కేవలం కాపీ కొట్టి ఉంటే ఈ కొత్త ప్రశ్న దగ్గర దొరికిపోవాలి. కానీ దానికి కూడా మెరుగ్గా జవాబులు వచ్చాయి. గుంపులో మొదట ఎవరికీ సరైన జవాబు తెలియకపోయినా చర్చ వల్ల మేలు జరిగినట్టు ఫలితాలు సూచించాయి. ఈ పరిశోధన 2009లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది.

కెనడాలోని బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీలో ఇంకో ప్రయోగం జరిగింది. 2001లో ఫిజిక్స్ నోబెల్ అందుకున్న కార్ల్ వీమన్ ఆ బృందంలో ఉన్నారు. దాదాపు 270 మంది చొప్పున ఉన్న రెండు సెక్షన్లను తీసుకున్నారు. ఒక సెక్షన్‌కు మంచి పేరున్న అనుభవజ్ఞుడైన ప్రొఫెసర్ మామూలు పద్ధతిలో పాఠం చెప్పారు. రెండో సెక్షన్‌కు బోధనలో పెద్దగా అనుభవం లేని వారు క్లిక్కర్ ప్రశ్నలు, చర్చలతో చెప్పారు. వారం తర్వాత పెట్టిన పరీక్షలో మొదటి సెక్షన్ సగటు 41 శాతం, రెండో సెక్షన్ సగటు 74 శాతం. అయితే ఆ ప్రయోగం నడిచింది ఒక్క వారమేనన్నది మర్చిపోకూడదు.

పెద్ద లెక్కలు కూడా ఇదే వైపు చూపిస్తున్నాయి. రిచర్డ్ హేక్ 1998లో 62 ఫిజిక్స్ కోర్సుల్లోని 6 వేల మందికి పైగా విద్యార్థుల ఫలితాలను పోల్చారు. మొదట్లో తెలియని దాంట్లో కోర్సు చివరికి ఎంత నేర్చుకున్నారన్నది కొలమానం. ఉపన్యాస పద్ధతిలో అది సగటున 23 శాతం, విద్యార్థులు పాల్గొనే పద్ధతుల్లో 48 శాతం. సైన్స్, ఇంజినీరింగ్, గణిత కోర్సులపై వచ్చిన 225 అధ్యయనాలను కలిపి 2014లో చేసిన విశ్లేషణలో ఉపన్యాస క్లాసుల్లో ఫెయిలైన వారు 33.8 శాతం, విద్యార్థులను పాల్గొనేలా చేసిన క్లాసుల్లో 21.8 శాతం.

ఇవన్నీ ప్రధానంగా అమెరికా, కెనడా క్లాసుల లెక్కలు. అక్కడి విద్యార్థులు మాట్లాడే అలవాటున్నవారు కాబట్టి సరిపోయింది, మన దగ్గర కుదురుతుందా అన్న ప్రశ్న వస్తుంది. దీనికి కొంత జవాబు ముంబయిలో దొరుకుతుంది.

ఐఐటీ బాంబే ఏం చేసింది?

ఐఐటీ బాంబేలో మొదటి ఏడాది ప్రోగ్రామింగ్ కోర్సుకు వందల మంది ఒకే హాలులో కూర్చుంటారు. అక్కడి పరిశోధకులు ‘థింక్-పెయిర్-షేర్’ పద్ధతిని ప్రయత్నించారు. ముందు ఒంటరిగా ఆలోచించాలి, తర్వాత పక్కవారితో కలిసి చేయాలి, చివరికి క్లాసంతా చర్చించాలి. పది వారాల్లో 13 సార్లు దీన్ని నడిపారు. పరిశీలకులు క్లాసులో కూర్చుని విద్యార్థులు ఆ సమయంలో ఏం చేస్తున్నారో నమోదు చేశారు. సగటున 83 శాతం మంది పూర్తిగానో, చాలావరకో పనిలో నిమగ్నమై కనిపించారు. ఈ ఫలితాలు 2013లో ప్రచురితమయ్యాయి.

గమనించాల్సిన విషయం ఏమిటంటే, ఈ పద్ధతికి ప్రత్యేకమైన పరికరమేదీ అక్కర్లేదు. కాగితం, పెన్ను, పక్కన కూర్చున్న మనిషి ఉంటే చాలు. మజూర్ కూడా మొదట్లో చేతులెత్తించడం, కార్డులు చూపించడం లాంటి వాటితోనే నడిపారు. క్లిక్కర్లు తర్వాత వచ్చాయి. క్లిక్కర్లకు, అక్షరాలు రాసిన అట్ట ముక్కలకు తేడా ఉందా అని కెనడాలోని ఒక కాలేజీలో నేథనియల్ లాస్రీ పోల్చి చూశారు. విద్యార్థులు నేర్చుకున్నదాంట్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదని 2008లో రాశారు.

మరి టెక్నాలజీ దేనికి? మూడు పనులకు. చేయి ఎత్తితే అందరూ చూస్తారు, ఫోన్‌లో నొక్కితే ఎవరూ చూడరు. చేతులు లెక్కపెట్టడం 60 మందికి కష్టం, 250 మందికి అసాధ్యం. గ్రాఫ్ క్షణంలో వస్తుంది. ఏ ప్రశ్నకు ఎంతమంది తప్పు చెప్పారన్నది రికార్డు అవుతుంది కాబట్టి వచ్చే ఏడాది ఏ పాఠం దగ్గర ఎక్కువ సేపు ఆగాలో తెలుస్తుంది.

భాష దగ్గర కలిసొచ్చేది ఇక్కడే

తెలుగు రాష్ట్రాల కాలేజీలకు ఈ పద్ధతిలో ఇంకో లాభం ఉంది. ఇంగ్లిష్‌లో లేచి మాట్లాడలేని విద్యార్థి, పక్కనున్న స్నేహితుడితో ‘అరే, లారీ పెద్దది కదరా, దాని ఫోర్సే ఎక్కువ ఉండాలి’ అని తెలుగులో వాదించగలడు. పాఠం ఇంగ్లిష్‌లో ఉన్నా ఆలోచన సొంత భాషలో నడవడానికి ఆ మూడు నిమిషాలు చోటిస్తాయి. తర్వాత అదే విషయాన్ని ఇంగ్లిష్‌లో విన్నప్పుడు అది కొత్తగా ఉండదు.

తెలుగు సహా కొన్ని భారతీయ భాషల్లో ఇంజినీరింగ్ బోధనకు ఏఐసీటీఈ 2021లో దారి తెరిచింది. కానీ పుస్తకాలు, పరీక్షలు, ఉద్యోగాల కారణంగా ఎక్కువ మంది ఇంగ్లిష్ మీడియంలోనే ఉన్నారు. కోర్సు మాధ్యమం మార్చకుండానే క్లాసులో తెలుగుకు చోటిచ్చే మార్గం ఇది. పేరు లేకుండా ప్రశ్నలు పంపే యాప్‌లలో తెలుగులో టైప్ చేసినా, తెలుగు మాటలను ఇంగ్లిష్ అక్షరాల్లో రాసినా అనుమతించడం ఇందులో భాగమే.

ఫోనా? కార్డా?

మెంటీమీటర్, స్లైడో, కహూట్ లాంటి సర్వీసులు విద్యార్థి సొంత ఫోన్ మీద నడుస్తాయి. తెర మీద కనిపించే కోడ్ కొడితే చాలు. వీటి ఉచిత వెర్షన్లలో ఎంతమంది పాల్గొనొచ్చు, ఎన్ని ప్రశ్నలు వేయొచ్చు అన్నదానికి పరిమితులు ఉంటాయి. అందువల్ల 250 మంది క్లాసుకు ముందుగా చూసుకోవాలి. ఐఐటీ బాంబేలో ప్రొఫెసర్ భాస్కరన్ రామన్ బృందం ‘సేఫ్’ పేరుతో క్లాసులోనే ఫోన్ల మీద క్విజ్‌లు నడిపే యాప్‌ను తయారు చేసింది.

కానీ అందరి దగ్గరా ఫోన్ ఉంటుందా? గ్రామీణ ప్రాంతాల్లో 14-18 ఏళ్ల వారిపై 2023లో జరిగిన ‘అసర్’ సర్వేలో దాదాపు 90 శాతం ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉన్నట్టు తేలింది. అయితే ఇంట్లో ఉండటం వేరు, తమ చేతిలో ఉండటం వేరు. స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చినవారిలో సొంత ఫోన్ ఉన్న అబ్బాయిలు 43.7 శాతం, అమ్మాయిలు 19.8 శాతం. కాలేజీకి వచ్చేసరికి ఈ తేడా తగ్గొచ్చు. అయినా ఫోన్ లేనివారు, డేటా అయిపోయినవారు, చార్జింగ్ లేనివారు ప్రతి క్లాసులోనూ ఉంటారు. క్లాసులో అందరికీ గొంతునివ్వాల్సిన పరికరం మళ్లీ కొందరినే బయట నిలబెట్టే ప్రమాదం ఇక్కడుంది. ఇద్దరికి ఒక ఫోన్ అన్న ఏర్పాటుతో దీన్ని కొంత దాటొచ్చు. ఎలాగూ చర్చ ఇద్దరి మధ్యే కదా.

సెల్‌ఫోన్లు అనుమతించని కాలేజీలకు, సిగ్నల్ అందని హాళ్లకు కాగితం కార్డులు ఉన్నాయి. ‘ప్లికర్స్’ అనే పద్ధతిలో ఒక్కో విద్యార్థికి నలుపు తెలుపు గడులున్న కార్డు ఇస్తారు. ఎ జవాబు అనుకుంటే ఒక వైపు, బి అనుకుంటే ఇంకో వైపు పైకి వచ్చేలా తిప్పి పట్టుకోవాలి. టీచర్ తన ఫోన్ కెమెరాతో క్లాసును ఒకసారి చూపిస్తే జవాబులన్నీ నమోదవుతాయి. ఫోన్ కావాల్సింది టీచర్ ఒక్కరికే. గడుల నమూనాలు ఒక్కోటి ఒక్కో రకంగా ఉంటాయి కాబట్టి పక్కవారి జవాబు కనిపెట్టడం కష్టం. కార్డులు 63 వరకే ఉంటాయి. 250 మంది హాలుకు సరిపోవు కానీ 60 మంది సెక్షన్‌కు సరిగ్గా సరిపోతాయి. అదీ కుదరకపోతే నాలుగు రంగుల అట్ట ముక్కలు గుండెల దగ్గర పట్టుకుని చూపించడం ఉంది. ముందు కూర్చున్న టీచర్‌కు కనిపిస్తుంది, వెనకవారికి కనిపించదు.

హాజరు కోసం వాడితే ఏమవుతుంది?

ఇదే పరికరాన్ని కాలేజీలు ఇంకో పనికి కూడా వాడాలనుకుంటాయి. జవాబు నొక్కినవాళ్లు క్లాసులో ఉన్నట్టే కదా, హాజరు కూడా దీంతోనే వేసేద్దాం అన్న ఆలోచన అది. జేఎన్‌టీయూహెచ్ లాంటి యూనివర్సిటీల్లో 75 శాతం హాజరు లేకపోతే పరీక్ష రాయడం కష్టం. ప్రాక్సీ అటెండెన్స్‌ను అడ్డుకోవడానికి చాలా కాలేజీలు బయోమెట్రిక్, ముఖ గుర్తింపు యంత్రాలు పెట్టుకున్నాయి. క్లాసులోకి వచ్చిన టెక్నాలజీలో పెద్ద భాగం ఇప్పటికే విద్యార్థి ఎక్కడున్నాడో లెక్కపెట్టే పనిలో ఉంది.

దీని ఫలితం ఏమిటో అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీ అనుభవం చెబుతుంది. 2014లో అక్కడ క్రీడలు, నైతికత అంశాలపై నడిచిన ఒక పెద్ద కోర్సులో క్లిక్కర్ జవాబులకు మార్కులుండేవి. హాలులో కనిపిస్తున్న తలల కన్నా వస్తున్న జవాబులు ఎక్కువగా ఉండటం ప్రొఫెసర్ గమనించారు. ఒక రోజు అదే ప్రశ్న కాగితం మీద కూడా రాయించారు. స్నేహితుల క్లిక్కర్లు తెచ్చి వాళ్ల తరఫున నొక్కుతున్నారని బయటపడింది. 64 మంది మీద అభియోగాలు వచ్చాయి. నైతికత కోర్సులోనే ఇది జరగడం అప్పట్లో చర్చకు దారితీసింది.

మన కాలేజీల్లో ప్రాక్సీ చెప్పడం తెలిసిన వారికి ఇందులో ఆశ్చర్యమేమీ ఉండదు. అయితే నష్టం మోసంతోనే ఆగదు. పేరు నమోదై, తప్పుకు మార్కు పోతుందని తెలిసినప్పుడు విద్యార్థి తనకు అనిపించింది నొక్కడు. పక్కవాడు నొక్కింది చూసి నొక్కుతాడు. అప్పుడు గ్రాఫ్ అందంగా 90 శాతం చూపిస్తుంది. టీచర్ సంతోషంగా ముందుకు వెళ్తారు. మిడ్ పేపర్లు దిద్దే రోజు మళ్లీ మొదటికొస్తుంది. ఈ పద్ధతి నడిచేదే విద్యార్థి తన తప్పును నిర్భయంగా చూపించడం మీద. అందుకే జవాబులకు పేర్లు లేకుండా చూడటమో, మార్కులివ్వాల్సి వస్తే తప్పొప్పులతో సంబంధం లేకుండా పాల్గొన్నందుకే కొద్దిగా ఇవ్వడమో మేలు.

‘సిలబస్ ఎవరు పూర్తి చేస్తారు?’

లెక్చరర్ల వైపు నుంచి వచ్చే మొదటి అభ్యంతరం ఇదే. అది తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. ఒక్కో ప్రశ్నకు, చర్చకు ఆరేడు నిమిషాలు పోతాయి. అనుబంధ కాలేజీల్లో సిలబస్ యూనివర్సిటీది, ప్రశ్నపత్రం యూనివర్సిటీది. క్లాసులో చెప్పని యూనిట్ నుంచి ప్రశ్న వస్తే మాట పడేది లెక్చరరే. మజూర్ దీనికి చూపిన దారి, పుస్తకంలో ఉన్నది ఇంట్లో చదివి రమ్మనడం, క్లాసు సమయాన్ని కష్టమైన భాగాలకు వాడటం. ముందు చదివి వచ్చే అలవాటు లేని చోట అది ఒక్క సెమిస్టర్‌లో రాదు. గంటకు ఒక్క ప్రశ్నతో మొదలుపెట్టడం ఆచరణ సాధ్యమైన దారి. నిర్వచనాలు చదివించి రాయించే సమయాన్ని అటు మళ్లిస్తే ఆ ఆరేడు నిమిషాలు దొరుకుతాయి.

వైద్య విద్యలో నిబంధనలు కూడా ఇటే చెబుతున్నాయి. ఎంబీబీఎస్ బోధనలో ఉపన్యాసాలు మొత్తం సమయంలో మూడో వంతుకు మించకూడదని, మిగతాది విద్యార్థులు పాల్గొనే క్లాసులు, ప్రాక్టికల్స్, చర్చలకు కేటాయించాలని 2019 నిబంధనలు పేర్కొన్నాయి.

విద్యార్థుల నుంచి కూడా అభ్యంతరం వస్తుంది. హార్వర్డ్‌లోనే 2019లో వచ్చిన అధ్యయనంలో, చర్చలతో నడిచిన క్లాసు విద్యార్థులు పరీక్షలో ఎక్కువ మార్కులు తెచ్చుకున్నారు. కానీ తాము తక్కువ నేర్చుకున్నామని అనుకున్నారు. సాఫీగా సాగే ఉపన్యాసం వింటే అంతా అర్థమైనట్టు అనిపిస్తుంది. సొంతంగా తంటాలు పడితే ఏమీ రానట్టు అనిపిస్తుంది. ‘సార్ పాఠం చెప్పరు, మమ్మల్నే చెప్పుకోమంటారు’ అన్న ఫిర్యాదు అక్కడి నుంచే పుడుతుంది. విద్యార్థుల ఫీడ్‌బ్యాక్ చూసి లెక్చరర్ల పనితీరు తేల్చే ప్రైవేటు కాలేజీల్లో ఇది చిన్న ప్రమాదం కాదు. కొత్తగా ప్రయత్నించే వారికి యాజమాన్యం ఒకటి రెండు సెమిస్టర్ల పాటు అండగా నిలబడాలి. ఎందుకిలా చేస్తున్నామో మొదటి రోజే విద్యార్థులకు చెప్పాలి.

కష్టమంతా ప్రశ్న తయారీలోనే

పరికరం కొనడం ఒక్క రోజు పని. మంచి ప్రశ్న రాయడం నిజమైన పని. ‘బైనరీ సెర్చ్ అంటే ఏమిటి?’ అన్న ప్రశ్నకు గుర్తున్నవారు నొక్కుతారు, లేనివారు ఊహిస్తారు, చర్చించడానికి ఏమీ ఉండదు. అదే విషయాన్ని ఇలా అడగొచ్చు: వరుస క్రమంలో లేని 1000 రోల్ నంబర్ల జాబితాలో ఒక నంబరు వెతకాలి. బైనరీ సెర్చ్ వాడితే సరైన జవాబు వస్తుందన్న హామీ ఉందా? ఉందనేవారికి, లేదనేవారికి మధ్య వాదన మొదలవుతుంది. వరుస క్రమం ఎందుకు అవసరమో ఆ వాదనలోనే తేలుతుంది.

ఇలాంటి ప్రశ్నలు టీచర్‌కు ఎక్కడి నుంచో రావు. తన విద్యార్థుల పాత జవాబు పత్రాల్లోనే ఉంటాయి. ఏటా అందరూ చేసే ఒకే రకమైన తప్పు ఏదో, దాన్నే ఒక ఆప్షన్‌గా పెడితే సగం పని అయినట్టే. ఒక డిపార్ట్‌మెంట్‌లోని నలుగురు లెక్చరర్లు యూనిట్‌కు ఐదు చొప్పున రాసి పంచుకుంటే రెండేళ్లలో ఒక సబ్జెక్టుకు సరిపడా ప్రశ్నల నిధి తయారవుతుంది. దీనికి లైసెన్సు ఫీజు లేదు.

ఆ తర్వాత మిగిలేది ఒక్క క్షణం. తెర మీద గ్రాఫ్ వస్తుంది. పీరియడ్ అయిపోవడానికి ఇంకా పది నిమిషాలుంది, సిలబస్‌లో ఇంకో టాపిక్ మిగిలింది. గ్రాఫ్‌లో 62 శాతం మంది ఎ అన్నారు, సరైన జవాబు సి. లెక్చరర్ ఆ టాపిక్ మొదలుపెడతారా, లారీ దగ్గరికి వెనక్కి వస్తారా? వెనక బెంచీలో తప్పు నొక్కిన విద్యార్థి, తన జవాబుకు ఇక్కడ విలువ ఉందో లేదో చూసేది అప్పుడే.